ఫాంటమ్‌ని హైదరాబాద్‌కి తెస్తే: ఏది మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో యానిమేషన్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారు. ఇంట్లో అటక మీద నాన్నగారు దాచుకున్న ఇంద్రజాల్ కామిక్స్ కట్ట దొరికింది. అందులోని ముసుగువీరుడు ఫాంటమ్‌ని ఈ కాలపు హైదరాబాద్‌లో తిరిగే హీరోగా మార్చి, యానిమేషన్ సిరీస్‌కి ఒక పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, చేద్దామనుకుంటున్నారు. సార్లేమో ‘క్లాసిక్‌ని చెడగొట్టకు’ అంటున్నారు. ఫ్రెండ్సేమో ‘మొత్తం మార్చెయ్, లేకపోతే ఎవరు చూస్తారు’ అంటున్నారు. ఎంత మార్చొచ్చు, ఎంత ఉంచాలి అని అడిగారు. మీరు జతచేసిన పోస్టర్ కూడా చూశాను. చార్మినార్ మినారు మీద ఊదారంగు బట్టల్లో నిలబడ్డ హీరో.

ఈ ఊళ్ళోనే ఇరవై రెండేళ్ళుగా యానిమేషన్ పని చేస్తున్నాను. క్లీనప్‌తో (చిత్తు బొమ్మల మీద శుభ్రమైన గీతలు వేసే పని) మొదలుపెట్టి, కొన్నేళ్ళు లేఅవుట్ చేసి, ఇప్పుడు స్టోరీబోర్డులు గీస్తున్నాను. పాత హీరోని కొత్తగా తీసే పనుల్లో మూడుసార్లు ఉన్నాను. ఒకసారి బాగా దెబ్బతిన్నాం, అది కింద చెప్తాను.

‘ఎంత’ అని అడిగితే జవాబు దొరకదు. పావువంతు పాత, ముప్పావువంతు కొత్త అని కొలిచి కలిపేది కాదు ఇది. ప్రతి పాత హీరోలోనూ ఒక్కటి ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది పేరు మాత్రమే. ముందు దాన్ని పట్టుకోవాలి. అది చేతికి దొరికాక మిగతావన్నీ మార్చవచ్చు, చాలావాటిని మార్చి తీరాలి కూడా.

ఫాంటమ్‌లో ఆ ఒక్కటి ఏమిటి? రచయిత లీ ఫాక్ ఈ బొమ్మల కథని, అంటే స్ట్రిప్‌ని, 1936 ఫిబ్రవరి 17న అమెరికా పత్రికల్లో మొదలుపెట్టాడు. కథలో 1536 నాడు ఓడదొంగల దాడిలో తండ్రిని పోగొట్టుకున్న ఒక కుర్రవాడు ఒడ్డుకు కొట్టుకొస్తాడు. తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యేసి ప్రమాణం చేస్తాడు. దోపిడీ మీద, దురాశ మీద, క్రౌర్యం మీద, అన్యాయం మీద పోరాడతానని, తన కొడుకులూ వాళ్ళ కొడుకులూ అదే పని చేస్తారని. అప్పటినుంచి తండ్రి చనిపోతే కొడుకు అదే ముసుగు తొడుక్కుంటాడు. బయటివాళ్ళకి మాత్రం నాలుగు వందల ఏళ్ళుగా ఒకడే మనిషి తిరుగుతున్నట్టు, వాడికి చావు లేనట్టు కనిపిస్తుంది. మీ నాన్నగారి కట్టలో ఉన్నవాడు ఇరవై ఒకటోవాడు. వాడు ఎగరలేడు, వాడి కళ్ళలోంచి మంటలు రావు. వాడికి ఉన్న శక్తల్లా జనం నమ్మకమే.

కాబట్టి ముట్టుకోకూడనిది ఊదారంగు కాదు, అతను ఉండే పుర్రె గుహ కాదు, ‘హీరో’ అనే పేరున్న అతని తెల్లగుర్రమూ కాదు. తాత చేసిన ఒట్టు మనవడి మెడకు చుట్టుకోవడం ఒకటి, చచ్చిపోయినా చచ్చిపోయినట్టు ఎవరికీ తెలియకూడదన్న నియమం ఒకటి. నా దృష్టిలో ఇవి రెండూ కలిసి ఒకటే విషయం.

ఊదారంగు గురించి మీరు చాలా మథనపడ్డట్టున్నారు కాబట్టి ఇది కూడా చెప్తాను. ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు. 1939లో ఆదివారం రంగుల పేజీ వచ్చినప్పుడు ఊదా పడింది, అదే నిలబడిపోయింది. స్వీడన్ పాఠకులకు ఫాంటమ్ నీలం, ఇటలీవాళ్ళకు ఎరుపు. ఎవరికివాళ్ళు తమ రంగే అసలైందని పెరిగారు. మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 1964లో ఫాంటమ్‌తోనే మొదలైన ఇంద్రజాల్ కామిక్స్, ఆ కథలు జరిగే దేశం పేరు మన బెంగాల్‌ని గుర్తుచేసేలా ఉందని దాన్ని డెంకాలీగా మార్చింది. నేను నల్లకుంటలో అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని చదివిన రోజుల్లో డెంకాలీ అసలు పేరు కాదని నాకు తెలియదు. తెలిసినా ఏమీ పోయేది కాదు, గుహలో వరసగా ఉన్న పాత ఫాంటమ్‌ల సమాధులు చూసి కలిగిన దిగులు అలాగే ఉండేది.

సూపర్‌మ్యాన్ విషయం కూడా చూడండి. 1938లో వచ్చిన మొదటి కామిక్‌లో సూపర్‌మ్యాన్ ఎగరడు, గెంతుతాడు. 1941లో ఫ్లైషర్ స్టూడియో అతని మీద చిన్న కార్టూన్లు తీస్తున్నప్పుడు, తెరమీద మనిషి పైకి గెంతి కిందికి దిగడం బాగా కనపడక ఎగరనిచ్చారు. ఇప్పుడు ఎగరని సూపర్‌మ్యాన్‌ని ఊహించలేం. అంటే మనం ‘ఇది మార్చకూడదు’ అని గట్టిగా పట్టుకున్నవాటిలో కొన్ని, మనలాంటి యానిమేటర్లు పని సాఫీగా సాగడానికి చేసిన మార్పులే. మీ సార్లకి ఈ మాట మర్యాదగా చెప్పి చూడండి.

మీ ఫ్రెండ్స్ చెప్పేదాంట్లోనూ ఒక ఇబ్బంది ఉంది. మార్పు అంటే వాళ్ళ ఉద్దేశం కొత్త బట్టలు, కొత్త ఫోను, కొత్త ఊరు అయుండొచ్చు. నిలబడిన మార్పులు అలాంటివి కావు. 1992 నాటి బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సిరీస్‌లో మిస్టర్ ఫ్రీజ్ ఉన్నాడు కదా. 1959లో కామిక్‌లోకి వచ్చినప్పుడు వాడి పేరు మిస్టర్ జీరో. మంచు తుపాకీతో దొంగతనాలు చేసే మామూలు విలన్. సిరీస్‌లో రచయిత పాల్ డినీ వాడికి నోరా అనే భార్యను ఇచ్చాడు. ఆమెకు నయంకాని జబ్బు, మందు దొరికేదాకా మంచులో నిద్రపుచ్చి దాచుకున్నాడు. తుపాకీ అదే, చలి అదే, దొంగతనమూ ఉంది. కారణం ఒక్కటి మారింది, అంతే. ఆ ఎపిసోడ్ రచనకు డేటైమ్ ఎమ్మీ వచ్చింది. తర్వాత కామిక్స్‌వాళ్ళే ఆ కథను తమలోకి తెచ్చుకున్నారు. ఇరవయ్యోసారి చూసినా ఫ్రీజ్ చేతిలో ఆ చిన్న బొమ్మ తిరుగుతున్న ఫ్రేమ్ దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

కొత్తగా తీయడమంటే ఈ కాలానికి తేవడమే అని కూడా అనుకోకండి. ఆ సిరీస్ చేసిన బ్రూస్ టిమ్, 2024లో మళ్ళీ బ్యాట్‌మ్యాన్‌తో ఇంకో సిరీస్ చేశాడు. అందులో కథ 1940ల నాటి వాతావరణంలోకి వెనక్కి వెళ్ళింది. అందులో నాకు బాగా నచ్చింది ఒక్క పిలుపు. ఇంట్లో పెంచి పెద్దచేసిన ఆల్‌ఫ్రెడ్‌ని బ్రూస్ పేరుతో పిలవడు, ‘పెన్నీవర్త్’ అని ఇంటిపేరుతో పిలుస్తాడు. ఆ ఒక్క మాటతో ఇతను మనకు తెలిసిన బ్రూస్ కాదు, ఇంకా మనుషుల్ని దగ్గరికి రానివ్వనివాడు అని అర్థమైపోతుంది. ఆ పని చేసింది డిజైన్ కాదు, పిలుపులో మార్పు.

ఇక్కడే తెలుగులో పనిచేసేవాళ్ళకి పెద్ద సదుపాయం ఉంది, పెద్ద ప్రమాదమూ ఉంది. మన భాషలో పిలవకుండా మాట్లాడలేం. నువ్వా మీరా, అన్నా సారా, ఏరా అనా ఏమండీ అనా తేల్చుకోకుండా ఒక్క డైలాగు రాయలేం. మీ పైలట్ స్క్రిప్టు మూడో పేజీలో, ఫాంటమ్ ఉండే అడవిలోని బాందర్ తెగ పెద్ద గురాన్ అతన్ని ‘దొరా’ అని పిలిచాడు. మీరు ఆలోచించకుండా రాసి ఉంటారు, పాత జానపద సినిమాల అలవాటు. కానీ ఆ మాటని తెలంగాణలో కూర్చుని చదివితే ఎలా ఉంటుందో ఒకసారి బయటికి చదవండి. దొర అన్న మాట వెనక ‘బాంచెన్’ అన్న మాట వినపడుతుంది. వెట్టిచాకిరి వినపడుతుంది. ఆ ఒక్క మాటతో మీ కథ, తెల్లదొర అడవికి వచ్చి అడవిజనాన్ని కాపాడే కథ అయిపోయింది.

నిజం చెప్పాలంటే పాత ఫాంటమ్ కథలో ఉన్న అసలు లోపం అదే. ఇంగ్లీషులో చదువుతున్నప్పుడు కొంచెం కనపడకుండా పోతుంది, తెలుగులో పెట్టగానే బయటపడుతుంది. తెల్లవాడు సింహాసనం మీద, బాందర్ తెగవాళ్ళు చుట్టూ బాణాలు పట్టుకుని కాపలా. మొదటి ఫాంటమ్ తండ్రిని చంపిన ఓడదొంగల పేరు సింగ్! స్ట్రిప్ మొదలైన నాలుగేళ్ళకి, 1940లో, ఇక్కడ జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో కుమ్రం భీము చనిపోయాడు. జల్, జంగల్, జమీన్ మాదే అన్న మనిషి. ఒకే కాలంలో అక్కడ కాగితం మీద అడవిని బయటివాడు కాపాడుతున్నాడు, ఇక్కడ అడవివాళ్ళు తమ అడవికోసం తామే చచ్చిపోతున్నారు. ఈ సంగతి తెలిసిన ఊళ్ళో కూర్చుని ఫాంటమ్‌ని కొత్తగా గీస్తూ దీన్ని పట్టించుకోకపోతే ఎలా? మీరు మార్చాల్సింది ఏదైనా ఉందంటే ముందు ఇది.

ఎలా మార్చాలో మీరే కనిపెట్టాలి, కానీ నాకు తోచింది చెప్తాను. గురాన్‌ని పైకెత్తండి. పాత కథల్లోనే గురాన్ ఫాంటమ్‌కి చిన్నప్పటినుంచీ స్నేహితుడు. స్నేహితుడు దొర అని పిలవడు, ‘ఏరా’ అని పిలుస్తాడు. అడవిలో ఈ ఫాంటమ్ రహస్యం తెలిసినవాళ్ళు గురాన్ తెగవాళ్ళే. ముందటి ఇరవై తరాలవాళ్ళూ చనిపోతే పాతిపెట్టిందీ వాళ్ళే, పుట్టిన పిల్లవాడికి కథ చెప్పి పెంచిందీ వాళ్ళే. అంటే ఆ నమ్మకాన్ని నిలబెట్టింది ముసుగు వేసుకున్నవాడు కాదు, గురాన్‌వాళ్ళు. ఆ కోణంలోంచి చెప్తే ఒట్టూ పోదు, రహస్యమూ పోదు, దొరతనం మాత్రం పోతుంది. ‘ఈ తరం పిల్లవాడు పనికొస్తాడా లేదా’ అని తేల్చేది గురాన్ అయితే మొదటి సీజన్‌కి సరిపడా కథ అక్కడే ఉంది.

ముసుగు ఆడపిల్లకి ఇవ్వాలా అని కూడా అడిగారు. ఇవ్వొచ్చు. ఎవరైనా ‘ఇప్పటి ఫ్యాషన్ కోసం మార్చారు’ అంటే, పాత స్ట్రిప్‌లోనే పదిహేడో ఫాంటమ్ గాయపడినప్పుడు అతని సోదరి జూలీ ముసుగు తొడుక్కుని తిరిగిన కథ ఉందని చెప్పండి. ఇరవై ఒకటోవాడికి పుట్టింది కవలలు, కిట్, హెలాయిస్. పాత కథలో ఎవరూ తీయకుండా వదిలేసిన తలుపులు ఉంటాయి. కొత్త గోడ పగలగొట్టేముందు ఆ తలుపులు చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు చేయాలనుకుంటున్న పని ఒకసారి జరిగింది. 1994లో ఫాంటమ్ 2040 అని ముప్పై అయిదు ఎపిసోడ్ల సిరీస్ వచ్చింది. దొరికితే తప్పకుండా చూడండి. పాత్రల డిజైన్ పీటర్ చుంగ్‌ది, సన్నగా పొడుగ్గా తీగల్లాంటి మనుషులు. కథ మెట్రోపియా అనే భవిష్యత్తు నగరంలో. హీరో ఇరవై నాలుగోవాడు, కిట్ వాకర్ జూనియర్, చదువుకుంటున్న కుర్రవాడు. తన ఇంట్లో ఇలాంటి ఒట్టు ఒకటి ఉందనే వాడికి తెలియదు. నాన్న లేడు, పెంచింది అత్త హెలాయిస్. గురాన్ వచ్చి చెప్తాడు. అడవిని వాళ్ళు వదల్లేదు, నగరం కింద దాచిపెట్టారు. శత్రువులు ఓడదొంగలు కారు, ఒక పెద్ద కంపెనీ. యుగం మారింది, బట్టలు మారాయి, శత్రువు మారాడు, ఒట్టు మాత్రం అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళు దాటినా అది నిలబడడానికి కారణం అదేనని నా నమ్మకం. 2023లో వచ్చిన సూపర్‌మ్యాన్ సిరీస్‌లో కూడా క్లార్క్ పత్రికాఫీసులో ఇంటర్న్‌గా చేరిన కుర్రవాడు, తనెవరో తనకే పూర్తిగా తెలియదు. పాత హీరో గురించి చూసేవాళ్ళకి అన్నీ తెలుసు, అందుకే హీరోకి తెలియకుండా చేస్తారు. మంచి పద్ధతి. మీరూ వాడుకోవచ్చు.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. 2004లో స్పైడర్‌మ్యాన్‌ని మన దేశానికి తెస్తూ నాలుగు సంచికల కామిక్ ఒకటి వచ్చింది. పీటర్ పార్కర్ పవిత్ర్ ప్రభాకర్ అయ్యాడు, మేరీ జేన్ మీరా జైన్ అయింది, నార్మన్ ఆస్‌బార్న్ నళిన్ ఒబెరాయ్ అయ్యాడు. బొమ్మలు బాగున్నాయి, పంచె కట్టిన స్పైడర్‌మ్యాన్ నాకు ఇష్టం కూడా. కానీ కథ పెట్టెకు పెట్టె పాతదే, పేర్లు మాత్రం మార్చినట్టు అనిపిస్తుంది. అదే పవిత్ర్ 2023లో స్పైడర్‌వర్స్ రెండో సినిమాలో ముంబాటన్ అనే ఊళ్ళో కనిపించినప్పుడు ఊరికే ఊగుతూ పోడు, ఆ ఊరి ట్రాఫిక్ మధ్యలో పెరిగినవాడిలా ఊగుతాడు. మాట్లాడే వేగం, విసుగు, గర్వం అన్నీ ఆ ఊరివి. మొదటిసారి పాత్రకి మన పేరు ఇచ్చారు, రెండోసారి ఊరు ఇచ్చారు.

మీ పోస్టర్‌లో చార్మినార్ పేరు లాంటిది. ఎవరైనా పెడతారు, సికింద్రాబాద్ స్టేషన్‌లో అమ్మే కీచెయిన్‌ మీదా ఉంటుంది. పుర్రె గుహకి ఈ ఊళ్ళో సరైన చోటు గుట్టలు. మన గ్రానైట్ రాళ్ళు దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటివి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్టు నిలబడి ఉంటాయి. ఖాజాగూడ గుట్టల్లోకి ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళండి, స్కెచ్‌బుక్ తీసుకెళ్ళండి. అక్కడ దర్గా ఉంది, గుడి ఉంది, రాళ్ళ సందుల్లో గుహల్లాంటి చోట్లు ఉన్నాయి. తలెత్తితే అద్దాల టవర్లు. కొన్ని రాళ్ళు పేల్చేసి కట్టినవే ఆ టవర్లు. చావులేనివాడు దాక్కున్న గుహను రేపో మాపో పేల్చేస్తారు అంటే మీకు విలన్‌ని విడిగా వెతుక్కునే పని లేదు. రాళ్ళ ఆకారాలు చూసి అందులోంచే పుర్రె గీయండి, కంటి గుంతలు రెండు ఇప్పటికే ఏదో రాయిలో ఉంటాయి.

పాత స్ట్రిప్‌లో ‘పాత అడవి సామెత’ అంటూ ఫాంటమ్ గురించి జనం చెప్పుకునే మాటలు వస్తాయి. వాటిని ఉంచండి, కానీ అడవిలో కాదు. ఆటోస్టాండ్‌లో, ఇరానీ చాయ్ దగ్గర, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నోట, హైదరాబాదీ యాసలో. ‘మా తాత కూడా చూసిండంట’ అన్న ఒక్క మాటకి ఎంత బలం ఉందో చూడండి.

చావు ఎవరికీ తెలియకూడదన్న ఆ నియమం ఈ ఊళ్ళో ఎక్కడ నొప్పెడుతుందో అదే మీ కథకి గుండెకాయ అని నా అభిప్రాయం. తండ్రి చనిపోయాడు. ఎవరికీ తెలియకూడదు. అయితే కొడుకు తలకొరివి ఎలా పెడతాడు? పదకొండోరోజు ఎలా చేస్తాడు? చుట్టాలు రాకూడదు, ఫొటోకి దండ వేయకూడదు, మున్సిపాలిటీ నుంచి డెత్ సర్టిఫికెట్ తీసుకోకూడదు. మర్నాడు కాలేజీకి వెళ్ళి నవ్వుతూ కూర్చోవాలి. ఏడవడానికి వీల్లేని చావు మన ఇళ్ళల్లో ఎంత పెద్ద శిక్షో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పాత కామిక్‌లో గుహలో సమాధి చేసి ముందుకు వెళ్ళిపోతారు. ఆ సమాధికీ మర్నాటికీ మధ్య ఉన్నదంతా మీకోసం మిగిలి ఉంది.

ఇక గీసే పని. ఫాంటమ్ ముసుగులో కళ్ళు తెల్లగా ఉంటాయి, కంటిపాపలు ఉండవు. గ్రీకు విగ్రహాల కళ్ళు చూసి ఆ ఆలోచన వచ్చిందని ఫాక్ చెప్పుకున్నాడు. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. కదిలించేటప్పుడు అసలు కష్టం తెలుస్తుంది. కంటిపాప లేకపోతే మనిషి ఎటు చూస్తున్నాడో తెలియదు. మామూలు పాత్రని కళ్ళు మాత్రం పక్కకి తిప్పి ‘వీడు విన్నాడు’ అని చెప్పొచ్చు. ఇతనికి తల మొత్తం తిప్పాలి, లేదా భుజం కదపాలి. మీ మోడల్ షీట్‌లో (పాత్ర ఎలా ఉండాలో చూపే నమూనా బొమ్మల కాగితం) ముసుగు పై అంచు, కనుబొమల దగ్గర, ఒకే గీతగా ఉంది. దాన్ని రెండు ముక్కలుగా విడగొట్టండి, ఒక్కో కంటిమీద ఒక్కో ముక్క. కోపానికి లోపలి కొసలు కిందికి, అనుమానానికి ఒకటే పైకి, బాధకి లోపలి కొసలు పైకి. తెల్లకళ్ళ ఆకారాన్ని కూడా మూడు సైజుల్లో గీసిపెట్టుకోండి. ఇంతకు మించి ఇతని ముఖంలో మీకు ఆయుధాలు లేవు, దవడ తప్ప. అందుకే ముసుగు తీసిన సీన్లు తక్కువ పెట్టండి. మొదటిసారి కంటిపాపలు కనపడినప్పుడు చూసేవాళ్ళు ఉలిక్కిపడాలి.

రెండోది ఫాంటమ్ వేసుకునే ఆ చారల నిక్కరు. 22 నిమిషాల ఎపిసోడ్‌కి సెకనుకి 24 ఫ్రేముల చొప్పున 31,680 ఫ్రేములు. రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ అనుకుంటే 15,840. అందులో మూడోవంతు బొమ్మల్లో హీరో పూర్తిగా కనపడితే 5,280. ఒక్కో బొమ్మలో పది చారలంటే ఒక్క నిక్కరుకే యాభై రెండు వేల పైచిలుకు గీతలు. చేత్తో గీస్తే క్లీనప్‌వాళ్ళ ప్రాణం పోతుంది. నేనూ ఒకప్పుడు క్లీనప్‌లో కూర్చున్నదాన్నే, ఆ బాధ నాకు తెలుసు. రిగ్ చేస్తే, అంటే కంప్యూటర్‌లో కీళ్ళున్న బొమ్మగా కట్టి కదిలిస్తే, గీసే శ్రమ మిగులుతుంది కానీ కాలు ముందుకి తిరిగిన ప్రతిసారీ చారలు విరిగిపోయి కనిపిస్తాయి. తీసెయ్యండి. బెల్టు ఉంచండి, పుర్రె గుర్తు ఉంచండి, నీడలో నిలబడితే ఆకారం గుర్తుపట్టేలా ఉంచండి. 1992 బ్యాట్‌మ్యాన్‌లో బొమ్మలు అంత సాదాగా ఉండడానికి ఒక కారణం, వాటిని వేరే వేరే దేశాల స్టూడియోల్లో ఎంతోమంది గీయాల్సి రావడమే. తక్కువ గీతలుంటే ఎవరు గీసినా అదే మనిషిలా ఉంటాడు. బ్యాక్‌గ్రౌండ్లు నల్లకాగితం మీద వేశారు. చీకటిని పూయడం కాకుండా చీకట్లోంచి వెలుతురు తీశారు. గుట్టల రాత్రి సీన్లకి ఆ పద్ధతి ప్రయత్నించండి, ఫొటోషాప్‌లో కూడా నల్లలేయర్ మీదే మొదలుపెట్టండి.

దెబ్బతిన్న సంగతి చెప్తానన్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక జానపద వీరుడిని పిల్లల సిరీస్‌గా మార్చే పనిలో ఉన్నాం. ఏడాదిపాటు బట్టలు మార్చాం. జీన్స్ వేశాం, తీశాం, చేతికి మెరిసే కడియం పెట్టాం, జుట్టు అయిదుసార్లు గీశాం. కథల జోలికి ఎవరూ వెళ్ళలేదు. మొదటి ఎపిసోడ్ పూర్తయ్యాక ఒక బడిలో అయిదో తరగతి పిల్లలకి చూపించాం. నవ్వారు, చప్పట్లు కొట్టారు. తర్వాత ప్రశ్నలు అడగమంటే మూడో వరసలో ఒక పాప లేచి, ‘అంత బలం ఉంటే మొదట్లోనే ఎందుకు కొట్టలేదు?’ అంది. మేం పదిమందిమి అక్కడ నిలబడి ఉన్నాం, ఒక్కరి దగ్గరా జవాబు లేదు. మా వీరుడికి ఆగడానికి కారణమే లేదు. ఇరవై నిమిషాలు నిండాలి కాబట్టి ఆగాడు. ఆ సిరీస్ రెండో ఎపిసోడ్ దాటలేదు. ఆ పాప ప్రశ్నని ఇప్పటికీ నా బోర్డు పైన చీటీ మీద రాసి అంటించుకున్నాను. మీ ఫాంటమ్‌కి జవాబు ఉంది, అదృష్టవంతులు. ముసుగు వేసుకున్నవాడు దెబ్బతిన్నా చచ్చినా ఇరవై ఒక్క తరాల నమ్మకం పోతుంది, అందుకే తొందరపడడు. ఆ భయం ప్రతి సీన్‌లో ఉండాలి.

హక్కుల గురించి. ఫాంటమ్ కింగ్ ఫీచర్స్ సిండికేట్ ఆస్తి. కాలేజీ ప్రాజెక్టుగా, పోర్ట్‌ఫోలియోగా చేసుకోండి, ఇంటర్వ్యూల్లో చూపించండి. డబ్బుకి అమ్మడం, ఛానల్‌కి ఇవ్వడం వాళ్ళ అనుమతి లేకుండా కుదరదు. అమెరికా చట్టం ప్రకారం 1936 నాటి పనుల కాపీరైట్ 2032 జనవరి 1కి తీరుతుంది, అది కూడా ఆ ఏడాది వచ్చిన భాగానికే. ట్రేడ్‌మార్క్ వేరే సంగతి. మన దేశంలో లెక్క రచయిత చనిపోయాక అరవై ఏళ్ళు, ఫాక్ పోయింది 1999లో. పైలట్‌కి మంచి స్పందన వస్తే, అప్పుడు పేరూ ముసుగూ వదిలేసి గుట్టలు, గురాన్ స్థానంలో మీ సొంత పాత్ర, ఏడవకూడని కొడుకు, వీటితో మీదైన హీరోని కట్టుకోండి. అవి ఎవరి ఆస్తీ కాదు.

పిచ్ బైబిల్ (సిరీస్ కథనీ పాత్రల్నీ వివరించే పుస్తకం), పోస్టర్, టైటిల్ సాంగ్ ఇప్పుడే వద్దు. ముందు ఒక్క నిమిషం యానిమాటిక్, అంటే స్టోరీబోర్డు బొమ్మల్ని వరసగా కూర్చిన చిత్తు వీడియో, చేయండి, మాటలు లేకుండా. గుట్టల్లో గుహ, రాత్రి. తండ్రి పడుకుని ఉన్నాడు, ఊపిరి ఆగిపోయింది. గురాన్ పక్కన కూర్చుని ఉన్నాడు. తండ్రి కుడిచేతికి పుర్రె ఉంగరం. కొడుకు దాన్ని తీయాలి. వేలు వాచి ఉంగరం బిగుసుకుపోయింది, లాగితే రాదు. మన ఇళ్ళల్లో ఇలాంటప్పుడు ఏం చేస్తారో మీకు తెలుసు. గురాన్ చెంబులో నీళ్ళు, సబ్బుముక్క తెచ్చి ఇస్తాడు. కొడుకు ఆ వేలికి నెమ్మదిగా సబ్బు రాస్తుంటాడు. చేతులు క్లోజప్‌లో గీయండి, ముఖం చూపించకండి. ఉంగరం వచ్చేశాక వేలిమీద మిగిలిన తెల్లటి గుంత దగ్గర కట్ చేయండి. ఆ నిమిషం అయ్యాక నాకు పంపండి, షాట్ షాట్‌కీ నోట్స్ రాసి పంపిస్తాను.